గోల్ అనే మాట ఎవరిది

ఫుట్‌బాల్ గురించి నాకు మొదట్లో తెలిసిందల్లా బంతి గుండ్రంగా ఉంటుందని. అయినా కొన్ని సీజన్ల పాటు మన ఊరి జట్టు మన ఊళ్ళో ఆడే మ్యాచ్‌లకు రేడియోలో తెలుగు వ్యాఖ్యానం చెప్పాను. ఇందులో నా గొప్పతనం ఏమీ లేదు. ఆ పనికి ఇంకెవరూ రాలేదు.

మాది పెద్ద రేడియో కాదు. ఐటీ ఆఫీసుల మధ్యలో ఇరుక్కుపోయిన ఒక ఇంజనీరింగ్ కాలేజీ మేడ మీద, నీళ్ళ ట్యాంకు పక్కన, ఒక గది. దాన్ని కమ్యూనిటీ రేడియో అంటారు. మా ప్రసారం ఇటు కొండాపూర్ దాకా, అటు నానక్‌రామ్‌గూడ దాకా వెళ్ళేది. గాలి అనుకూలిస్తే బోరబండకి కూడా చేరేది. కోకాపేట టవర్లలో పై అంతస్తుల వాళ్ళకి వినిపించేది, కింది అంతస్తుల వాళ్ళకి వినిపించేది కాదు. ఆకాశవాణిలాగా అందరినీ సమానంగా చూడాలని మాకూ ఉండేది గానీ మా యాంటెనా ఒప్పుకోలేదు.

నేనక్కడికి వెళ్ళింది ఫుట్‌బాల్ కోసం కాదు. మేముండే ప్రగతి నగర్‌కీ మా ఆఫీసుకీ మధ్య సాయంత్రం ట్రాఫిక్ ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి నా బాధ అర్థమవుతుంది. ఆ రద్దీలో కూర్చుని శాపనార్థాలు పెట్టడం కన్నా, అది తగ్గేదాకా ఎక్కడైనా ఒకచోట కూర్చుంటే నయమనిపించింది. ఆ కాలేజీవాళ్ళు రేడియోలో చదవడానికి మనుషులు కావాలని గేటు మీద కాగితం అంటించారు. వెళ్ళాను. నా గొంతు బాగుందన్నారు. తడి చెత్త ఏ డబ్బాలో వేయాలో, పొడి చెత్త ఏ డబ్బాలో వేయాలో చెప్పే కార్యక్రమం ఇచ్చారు. చాలాకాలం ఆ చుట్టుపక్కల నేను చెత్త గొంతుగానే ప్రసిద్ధురాలిని.

మాకంటే ముందే ఇద్దరు మన ఊరి జట్టును రేడియోలో వినిపించాలని ప్రయత్నించారు. ఆ చరిత్ర చిన్నది, పెద్దగా చెప్పుకోదగ్గదీ కాదు. మొదట ఒక ప్రైవేటు ఎఫ్‌ఎం వాళ్ళు పూనుకున్నారు. వాళ్ళకి ఆట గురించి చెప్పడానికి పాటకీ పాటకీ మధ్య ఉన్న సందే దిక్కు. అవతలి జట్టు మనకి గోల్ వేస్తే, ఆ కబురు ఒక ప్రేమపాటా, రెండు నగల దుకాణాల ప్రకటనలూ అయ్యాక వచ్చేది. అప్పటికి వాళ్ళు ఇంకోటి వేసి ఉండేవారు. తర్వాత ఒక ఐటీ పార్కువాళ్ళు తమ ఫుడ్‌కోర్టు స్పీకర్లలో వ్యాఖ్యానం పెట్టారు. అదే సమయానికి పైన అమెరికావాళ్ళతో మీటింగులు నడుస్తాయన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఫోన్లో అవతలివైపు ఉన్న దొర మీ ఆఫీసులో ఎవరైనా పోయారా, ఆ ఏడుపులేమిటి అని అడిగాడట. మర్నాటి నుంచి ఆ స్పీకర్లలో వేణుగానమే.

అలా ఇద్దరు చేతులెత్తేసిన పని మూడోవాళ్ళమైన మా చేతికి వచ్చింది. అనుమతి అడగడానికి క్లబ్బు ఆఫీసుకి వెళితే అక్కడి అబ్బాయి తల కూడా ఎత్తకుండా, “చేసుకోండి మేడమ్, ఎవరింటారు” అన్నాడు. అంత నిజాయితీగా అనుమతి ఇచ్చినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. స్టేడియంలో కూర్చుని చెప్పడానికి మాత్రం జాగా లేదన్నాడు. కాబట్టి మేము మా గదిలోనే ఇంటర్నెట్లో వచ్చే బొమ్మ చూస్తూ చెప్పేవాళ్ళం. ఆ సంగతి దాచలేదు. మా రేడియో ఇన్‌చార్జిగారిది అనంతపురం. ఆ కాలేజీలోనే లెక్చరరు. ఆయనకి అబద్ధమంటే పడదు.

“స్టేడియంలో ఉండాం అని చెప్పేదానికి మనదేమన్నా ప్లాట్లమ్మే ప్రకటనా? యాడుండామో అదే చెప్పండి” అన్నారు.

అందుకని ప్రతిసారీ “స్టేడియానికి కూతవేటు దూరంలో ఉన్న మా గది నుంచి నమస్కారం” అంటూ మొదలుపెట్టేదాన్ని. నిజంగానే అది కూతవేటు దూరం. ఆ కూతవేటే నా కొంప ముంచింది.

వ్యాఖ్యానానికి నాకు తోడుగా ఒక పెద్దాయన ఉండేవారు. రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఉండేది బోరబండ. లోకల్ రైలెక్కి వచ్చి, అక్కడి నుంచి షేర్ ఆటోలో కాలేజీకి వచ్చేవారు. వయసులో ఉన్నప్పుడు బస్తీ జట్టుకి ఆడారు. ఒకప్పుడు హైదరాబాద్ ఫుట్‌బాల్ అంటే దేశమంతా ఎలా వణికేదో మెట్లెక్కుతూ మొదలుపెడితే పైకి చేరేసరికి ఆయనకి ఆయాసం, నాకు విసుగు వచ్చేవి. నేనాయన్ని బాబాయిగారూ అనేదాన్ని. ఆయన నన్ను అమ్మా అనేవారు.

గదిలో పనికొచ్చే మైకు ఒకటే. రెండోదాన్ని సెమినార్ హాలువాళ్ళు పట్టుకుపోయి మళ్ళీ ఇవ్వలేదు. హెడ్‌ఫోను కూడా ఒకటే. అది నేను పెట్టుకునేదాన్ని. “నాకొద్దమ్మా, చెవులు ఉడుకుతయి” అని ఆయన కిటికీ పక్క కుర్చీలో కూర్చునేవారు. ఏసీ పనిచేయదు కాబట్టి ఆ కిటికీ ఎప్పుడూ తెరిచే ఉండేది.

మొదటి రోజే మా మధ్య ఒక ఆచారం ఏర్పడిపోయింది. ఎవరూ అనుకుని పెట్టింది కాదు. ఆట నేను చెబుతాను, గోల్ ఆయన చెబుతారు. బంతి ఎవరి దగ్గరుంది, ఎటు వెళుతోంది, ఎవరు పడ్డారు, ఎవరు పడ్డట్టు నటించారు, ఇవన్నీ నా వంతు. గోల్ పడే వేళకి మైకు లాక్కుని అరవడం ఆయన వంతు. గో అని మొదలుపెడితే ఊపిరి అయిపోయేదాకా ఆపేవారు కాదు. ఆ తర్వాత దగ్గు. ఆయన దగ్గుతుంటే ఆ గోల్ ఎవరు వేశారో నేను చెప్పేదాన్ని.

నా వ్యాఖ్యానాన్ని ఆయన వెక్కిరించేవారు. “బంతి కుడివైపు నుంచి వస్తోందండీ, ఒకరిని దాటించారండీ అంటవు. నువ్వు అండీ అనేలోపల బంతి ఇద్దరి చేతులు మారుతది.”

“చేతులు కాదు బాబాయిగారూ, కాళ్ళు.”

“గదే. కాళ్ళకు గూడ అండీ అనేటట్టున్నవు.”

మాది పశ్చిమ గోదావరి. మాకు అండి లేకపోతే ముద్ద దిగదు. నవ్వి ఊరుకునేదాన్ని. నన్ను కాల్చింది వెక్కిరింపు కాదు, ఆ గోల్.

ఎందుకో చెబుతాను. ఆఫీసులో నా పని సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం. నెలల తరబడి వెతికి, ఒక్కొక్కటీ సరిచేయించి, అంతా బాగుందనుకున్న రోజున మా మేనేజరు అందరికీ మెయిలు పెడతాడు, సాధించాం అని. ఇంట్లో చుట్టాలొస్తే పొద్దుటి నుంచీ రొయ్యలు ఒలిచి, ఇగురు వండి, గిన్నెలోకి తీస్తాను. ఆ గిన్నె మా ఆయన పట్టుకెళ్ళి బల్ల మీద పెట్టి “రండి రండి, ఇగురు రెడీ” అంటారు. వాళ్ళంతా ఆయనకేసి చూసి ఆహా అంటారు. నా పెళ్ళి కుదిరిందన్న మాట కూడా మా మేనమామే చెప్పాడు, నాతో సహా అందరికీ. పని నాది, కబురు ఇంకొకరిది. ఇలా పుట్టినప్పటి నుంచీ నడుస్తోంది. కూడబలుక్కుని చేసినట్టు ఈ రేడియోలోనూ అదే జరుగుతుంటే నాకు మండుకొచ్చింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, చివరి మాట నేను చెప్పాలి. మన జట్టు గోల్ వేసిందని నా నోటితో నేను అనాలి. ఇంతకుమించి నాకు ఫుట్‌బాల్ నుంచి ఇంకేమీ అక్కర్లేదు.

అడిగేశాను కూడా. “బాబాయిగారూ, ఈసారి గోల్ నేను చెబుతానండి.”

“చెప్పమ్మా, ఎవరొద్దన్నరు? ముందుగాల ఎవరికి తెలుస్తే వాళ్ళే చెప్పాలె. గంతే.”

న్యాయంగానే ఉంది. చిక్కేమిటంటే ఎప్పుడూ ముందు ఆయనకే తెలిసేది. బంతి ఇంకా మైదానం మధ్యలో దొర్లుతుండగానే ఆయన చెయ్యి మైకు మీదికి వచ్చేది. నేను చెబుతున్న వాక్యం సగంలో ఉండగానే గో అని అందుకునేవారు. తెర మీద చూస్తే ఏమీ ఉండదు. ఒక ముద్ద కలుపుకుని నోట్లో పెట్టుకునేంత సేపటికి, నిజంగానే గోల్ పడేది.

వినేవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఐటీ పార్కుల ముందు క్యాబ్‌లు ఆపుకుని మా రేడియో పెట్టుకునే డ్రైవర్లలో ఆయనకి జ్యోతిష్యం వచ్చని పేరు పడిపోయింది. ఒకాయన ఏకంగా మా మేడెక్కి వచ్చి, తన బావమరిదికి దుబాయి వీసా వస్తుందో రాదో చూసి చెప్పమన్నాడు. పెద్దాయన కాదు కూడదు అనకుండా కాసేపు కళ్ళు చిట్లించి “వస్తది, కానీ జర ఆలస్యమైతది” అన్నారు. ఏ వీసాకైనా సరిపోయే జవాబు అది.

నేనూ నమ్మాను. జ్యోతిష్యం కాదుగానీ, ఆట నాడి తెలిసిన మనిషి అనుకున్నాను. ఆ నాడి నేనూ పట్టుకోవాలని పాత మ్యాచ్‌లన్నీ తెప్పించుకుని చూశాను. ఆఫీసులో కంప్యూటర్ తెర మీద ఒక కిటికీలో పని, ఒక కిటికీలో ఫుట్‌బాల్. కార్నర్ అంటే ఏమిటో, ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో నేర్చుకున్నాను. ఆఫ్‌సైడ్ మా ఆయనకి వివరించాను. ఆయన నిద్రపోయారు. అంత చదివి వెళ్ళినా, తర్వాతి మ్యాచ్‌లో మనవాళ్ళు గోల్ వేసినప్పుడు మళ్ళీ పెద్దాయనే ముందు అరిచారు. మన గోల్‌కీపరు బూటు లేసు కట్టుకుంటున్న దృశ్యం చూసి గోల్ పడబోతోందని ఎవరికైనా ఎలా తెలుస్తుంది?

ఎలా తెలుస్తుందో ఒక ఎలుక చెప్పింది.

ఒక మ్యాచ్ రోజున వచ్చి చూసేసరికి హెడ్‌ఫోను తీగను ఎలుక కొరికేసింది. సరేలెమ్మని ఖాళీ చెవులతోనే కూర్చున్నాను. ఆట మొదలైన కాసేపటికి కిటికీలోంచి ఒక హోరు వచ్చింది. ముందు వాన అనుకున్నాను. పెద్దాయన చెయ్యి మైకు మీదికి వచ్చింది. గో అన్నారు. అప్పుడు తెర మీద బంతి ఇంకా మనవాళ్ళ సగంలోనే ఉంది. దగ్గడం మొదలుపెట్టాక గోల్ పడింది.

అర్థమయ్యేసరికి నాకు ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది. ఇంటర్నెట్లో బొమ్మ ఆలస్యంగా వస్తుంది. కూతవేటు దూరంలో ఉన్న స్టేడియం నుంచి జనం అరుపు మాత్రం తిన్నగా మా కిటికీలోకి వస్తుంది. నా చెవులకి హెడ్‌ఫోను తగిలించి, ఈయన హాయిగా కిటికీ పక్కన కూర్చుని, వచ్చిన అరుపును నాడి అని చెప్పుకున్నారు. దుబాయి వీసాలు కూడా ఇచ్చేశారు.

ఆయన్ని అప్పుడేమీ అనలేదు. అంటే ఆయన నవ్వేసి ఊరుకుంటారు, మళ్ళీ గోల్ ఆయనదే అవుతుంది. నాకు కావలసింది క్షమాపణ కాదు. కొత్త హెడ్‌ఫోను వచ్చింది. దాన్ని తలకి పెట్టుకున్నానుగానీ, కిటికీ వైపు చెవిని మాత్రం జుట్టు సర్దుకుంటున్నట్టు బయట పెట్టుకున్నాను.

ఇక్కడ మా బజ్జీల ఆయన గురించి చెప్పాలి. కాలేజీ గేటు దగ్గర మిర్చిబజ్జీల బండి ఆయనది. మా వ్యాఖ్యానానికి ఉన్న ఏకైక ప్రకటనదారు. మన జట్టు గోల్ వేసినప్పుడల్లా, బండి దగ్గర నిలబడి రేడియో వింటున్నవాళ్ళందరికీ బజ్జీలు ఉచితం అని ఆయన ప్రకటన. మన జట్టు సంగతి తెలిసే ఆ మాట ఇచ్చాడు. పాపం ఆయన లెక్క తప్పేదీ కాదు.

కొత్త హెడ్‌ఫోనుతో కూర్చున్న మొదటి మ్యాచ్‌లో ఆట సగం దాటింది. ఎవరూ గోల్ వేయలేదు. నేను బంతి ఎటు పోతోందో చెబుతున్నాను. అప్పుడు వచ్చింది హోరు. అంతకుముందు విన్నదానికి రెట్టింపు. మా గది తలుపు గడియ అదిరింది. పెద్దాయన చెయ్యి కదిలిందో లేదో నేను చూడలేదు. మైకు నా గుండెల దగ్గరికి లాక్కుని, కుర్చీలోంచి లేచి, గోల్ అని అరిచాను. నా గొంతు అంతుందని నాకే తెలియదు. తడి చెత్తా పొడి చెత్తా చెప్పే గొంతు కాదది. ఊపిరి అయిపోయాక మళ్ళీ పీల్చుకుని మళ్ళీ అరిచాను. ఆ ఆనందం నేను దాచుకోను. కాన్పు అయ్యాక మా పిల్లదాన్ని చేతికిచ్చినప్పుడు కూడా అంత బిగ్గరగా సంతోషించలేదు.

అరిచి, తెర వైపు తిరిగి, గోల్ కోసం ఎదురుచూశాను. బంతి బయటికి పోయింది. మన గోల్‌కీపరు నీళ్ళు తాగుతున్నాడు. తర్వాత కెమెరా మెల్లగా వీఐపీ గ్యాలరీ వైపు తిరిగింది. అక్కడ నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న ఒక సినిమా హీరో చెయ్యి ఊపుతున్నాడు. జనం కుర్చీలెక్కి ఊగిపోతున్నారు.

మన ఊళ్ళో గోల్ పడితే వచ్చే అరుపు కన్నా హీరో వస్తే వచ్చే అరుపు పెద్దది. ఇది పుట్టి బుద్ధెరిగిన ప్రతివాళ్ళకీ తెలుసు. నాకూ తెలుసు. ఆ క్షణంలో గుర్తు రాలేదు.

“క్షమించాలండి” అన్నాను మైకులో. “గోల్ కాదండి. హీరోగారు వచ్చారండి.”

కింద గేటు దగ్గర అప్పటికే తిరునాళ్ళ. మా మాట నమ్మి జనం బండి మీద పడ్డారు. బజ్జీల ఆయన వాయి మీద వాయి తీసి పంచాడు. నా క్షమాపణ ఎవరూ వినలేదు, అందరి నోళ్ళలోనూ మిర్చి ఉంది. కాసేపటికి ఆయన జల్లిగరిటె చేతిలో పట్టుకుని మేడెక్కి వచ్చాడు.

“ఎవరేసిండ్రు మేడమ్ గోలు?” అన్నాడు.

“ఎవరూ వేయలేదండి.”

“ఎవరెయ్యకుంటే మరి బజ్జీలు ఎందుకు పోయినయ్?”

నేను పెద్దాయన కేసి తిరిగాను. ఆయన పైకప్పు వైపు చూస్తున్నారు. అంత శ్రద్ధగా చూడడానికి అక్కడ ఒక బూజు తప్ప ఏమీ లేదు.

మర్నాడు ఇన్‌చార్జిగారు పిలిచారు. ఆయన కోపంగా మాట్లాడరు, బాధగా మాట్లాడతారు. అది ఇంకా కష్టం. “ఏమ్మా ఇది. యాడుండామో నిజం చెప్పుకుంటా వచ్చినాం గదా. ఇప్పుడు పడని గోల్ పడిందని చెప్తే మనల్ని ఎవరు నమ్ముతారు? నువ్వు ఆట చెప్పుకో. బాగా చెప్తాండావు, కాదనను. గోల్ అనే మాట మాత్రం ఆయప్పకే వదిలిపెట్టు. ఇంగ నువ్వు అనొద్దు.”

ఇంతకాలం అలవాటుగా ఉన్నది అలా ఆజ్ఞగా మారింది. ఒక మాట నోటితో అనకూడదని ఒక మనిషికి నిషేధం పెట్టడం ఎక్కడైనా ఉందేమో నాకు తెలియదు. బయటికి వచ్చి మెట్ల మీద ఏడ్చాను. ఏడుపులో సగం పరువు పోయినందుకు. మిగతా సగం, ఇక జన్మలో ఆ మాట నాది కాదన్నందుకు.

పెద్దాయన వచ్చి రెండు మెట్లు పైన కూర్చున్నారు.

“మీకు తెలుసు కదండీ అది గోల్ కాదని” అన్నాను.

“తెల్సు.”

“ఎలా తెలుసు?”

“గోల్ అరుపు కడుపుల నుంచి వస్తది. హీరో అరుపు గొంతుల నుంచే. ఇనంగ ఇనంగ తెలుస్తది.” మళ్ళీ ఆయనే, “నేను గూడ ఒకపారి మోసపోయిన. మొదట్ల. గప్పుడు మనల్ని ఇనేటోళ్ళు లేకుండె, బతికిపోయిన” అన్నారు.

“కిటికీ సంగతి నాకెందుకు చెప్పలేదు బాబాయిగారూ?”

“చెప్తే నాకేం పని ఉంటదమ్మా ఈడ” అన్నారాయన. “ఆట చెప్పనీకి నువ్వున్నవు. నాకు గంత దబదబా మాటలు రావు. ఆ ఒక్క మాట కోసమే గద నన్ను పిలుస్తుండ్రు.”

ఆ మాటకి నా కోపం చల్లారిపోయిందని రాస్తే అబద్ధం. చల్లారలేదు. కానీ అంతవరకూ ఆయన మీద ఉన్న కోపం, ఆ తర్వాత ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక అటూ ఇటూ తిరిగింది. నేను మానేయవచ్చు. మా ఆయన మానేయమన్నారు కూడా. పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డట్టు మళ్ళీ ఆ ట్రాఫిక్‌లో కూర్చోవడం ఇష్టం లేక మానలేదు. అసలు సంగతి వేరే. ఆట చెప్పడం నాకు అలవాటైపోయింది. బంతి వెనక మాటను పరిగెత్తించడంలో ఉన్న ఆనందం మరెక్కడా దొరకలేదు.

సీజన్‌లో మన ఊళ్ళో చివరి మ్యాచ్. మనవాళ్ళు పద్ధతి ప్రకారం ఓడిపోతున్నారు. అవతలివాళ్ళు రెండు వేశారు, మనవాళ్ళు సున్నా. బజ్జీల ఆయన నిశ్చింతగా ఉల్లిపాయలు తరుక్కుంటున్నాడని కిందికి వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పారు. ఇన్‌చార్జిగారు నేను మాట తప్పుతానేమోనని తలుపు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

ఆట ముగియబోతుండగా కిటికీలోంచి హోరు వచ్చింది. ఈసారి నేను విన్నాను. అది కడుపులోంచి వచ్చిందో గొంతులోంచి వచ్చిందో నాకు నిజంగా తెలియలేదు. పెద్దాయనకి తెలిసింది. ఆయన మొహం మారింది. చెయ్యి మైకు వైపు వచ్చింది.

తెర మీద బంతి మన గోల్‌కీపరు చేతుల్లో ఉంది.

నేను మైకు ఇవ్వలేదు. రెండు చేతులతో పట్టుకున్నాను. గోల్ అని అరవాలని కూడా అనిపించలేదు. నాకు అప్పుడొక మొండితనం వచ్చింది. కిటికీ చెప్పింది కిటికీకే ఉండనీ. నా కంటికి కనబడిందే చెబుతాను, కనబడినప్పుడే చెబుతాను. ఆయన వైపు చూసి, తలతో తెర వైపు సైగ చేశాను. చూడండి అన్నట్టు. ఆయన చెయ్యి మధ్యలో ఆగిపోయింది.

“మన గోల్‌కీపరు బంతిని కుడివైపు విసిరారండి” అన్నాను. “అక్కడ కుర్రాడు అందుకున్నాడు, ఇందాకే లోపలికి వచ్చినవాడు, ఇంకా చెమట కూడా పట్టలేదు. గీత పక్కనే పరిగెడుతున్నాడండి. ఒకతను అడ్డం వచ్చాడు, బంతిని అతని కాళ్ళ సందులోంచి పంపి తను పక్కనుంచి వెళ్ళి మళ్ళీ అందుకున్నాడు. ఎవరూ రావడం లేదండి సాయానికి. ఇంకా పరిగెడుతున్నాడు. తల ఎత్తి చూశాడు. మధ్యలోకి కొట్టాడండి, ఎత్తుగా. అక్కడ మన పొడుగాయన ఉన్నారు, ఆయన వెనక ఇద్దరు వేలాడుతున్నారు, అయినా ఎగిరారు. తలతో కొట్టారండి. వల కదిలింది. గోల్. గోల్ అండి. మనవాళ్ళు గోల్ వేశారు.”

అరవలేదు. మామూలుగానే అన్నాను. ఊళ్ళో సగంమందికి అప్పటికే ఆ అరుపు వినిపించి ఉంటుంది, కబురు పాతబడి ఉంటుంది. అయినా అది నాది. మొదటి అడుగు నుంచి చివరి మాట దాకా నాది. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి.

తలుపు దగ్గర ఇన్‌చార్జిగారు లేచి నిలబడ్డారు. ఏమంటారోనని చూశాను. ఆయన తెర దగ్గరికి వచ్చారు. తిరిగి పెద్దాయన వైపు చూశాను. ఆయన నావైపు చూడడం లేదు. నోరు తెరుచుకుని తెర వైపే చూస్తున్నారు. మైకు నా చేతిలో ఇంకా తెరిచే ఉంది.

“అమ్మా, మనోళ్ళ గోల్ నేను సూసుడు గిదే మొదలు” అన్నారాయన.

నాకు అర్థం కాలేదు. “అదేమిటండి, అన్ని గోల్స్ చెప్పారు కదా.”

“చెప్పిన. సూడలే. కిటికీల నుంచి అరుపు రాంగనే కండ్లు మూసుకుంట, గట్ల మూయకుంటే గంత ఊపిరి అందదు. అరుస్త, దగ్గుత. కండ్లు తెరిచేసరికల్ల గోల్ అయిపోయి, ఆటగాళ్ళు వాపసు పోతుంటరు. ఒక్కటి గూడ సూడలేదమ్మా నేను.”

కిటికీ సంగతి, కళ్ళు మూసుకునే సంగతి, అన్నీ అలా కొండాపూర్ దాకా, నానక్‌రామ్‌గూడ దాకా వెళ్ళిపోయాయి. ఆ రోజు గాలి బాగుంది. బోరబండ దాకా వెళ్ళి ఉంటుంది, ఆయన్ని జ్యోతిష్కుడనుకునే వాళ్ళ వీధిలోకి. ఆయనకి ఆ ధ్యాసే లేదు.

“మల్ల సూపిస్తరా?” అన్నారు.

“చూపిస్తారు బాబాయిగారూ. చూడండి.”

తెర మీద ఆ కుర్రాడు మళ్ళీ మెల్లగా గీత పక్కన పరిగెత్తడం మొదలుపెట్టాడు. పెద్దాయన కుర్చీని కిటికీ దగ్గర నుంచి తెర దగ్గరికి జరుపుకున్నారు. అది అయ్యేదాకా మా రేడియోలో ఎవరమూ ఏమీ మాట్లాడలేదు.